వడ్ల కింద కోర్టు

ఆదివారం, రాత్రి

గురువారమే సూర్యాపేటలో సెలక్షన్స్. మా స్కూలు బాస్కెట్‌బాల్ కోర్టు నిండా ఇంకా వడ్లే ఆరుతున్నాయి. ఆడే వీల్లేక ఆడపిల్లలను రింగు కింద కూర్చోబెట్టి మహిళల బాస్కెట్‌బాల్ ఆసియా కప్ చరిత్ర చెప్పాను. కొరియా, జపాన్, చైనా ఎన్నోసార్లు గెలిచాయన్నాను.

"మనోళ్లు ఎన్నిసార్లు గెల్సిన్రు మేడం?" అంది స్రవంతి.

"ఒక్కసారి కూడా లేదమ్మా."

ఎందుకు చెప్పానా అనిపించింది. స్రవంతి మాత్రం లేచి, వాళ్ల నాన్న ఆరబోసిన వడ్లను కాళ్లతో తిరగదోస్తూ నడిచింది. ఫ్రీ త్రో గీత బయటపడగానే ఆగి, రింగు వైపు చూసింది.

"బాపూ, రేపు వడ్లు ఎత్తుతవా?" అని వడ్లకు కాపలాగా పక్కనే కూర్చున్న నాన్నను అడిగింది.

"పచ్చి వడ్లు మిల్లోడు తీస్కోడు బిడ్డా."

స్రవంతి కాలితోనే వడ్లు జరిపి గీతను మళ్లీ కప్పేసింది.