మంచం పక్కన కుర్చీ

సోమవారం
సదస్సు నుంచి ఇప్పుడే వచ్చాను. కళ్ళు తెరుచుకున్నాయి! కొత్త పరిశోధనలట: రౌండ్స్‌లో డాక్టరు నిలబడకుండా రోగి పక్కన కూర్చుంటే, ఉన్నది కాసేపే అయినా రోగికి చాలాసేపు ఉన్నట్టనిపిస్తుందట. మందు లేదు, మిషను లేదు. ఒక్క కుర్చీ!

నిర్ణయం: రేపటి నుంచి ప్రతి మంచం దగ్గరా కూర్చుంటాను. మాటకు అడ్డుపడను. ఫోను ముట్టను.

మా ఆవిడకి చెప్పాను. "పోనీలెండి, ఎక్కడో ఒకచోట కూర్చుని వినడం అలవాటైతే ఇంటిదాకా రాకపోతుందా" అంది. ఈర్ష్య!

మంగళవారం
మడత కుర్చీ కొన్నాను. ఎముకల వార్డు హెడ్ సిస్టర్ కంగారుపడింది. "కళ్ళు తిరుగుతున్నాయా సార్?"

తుంటి విరిగి ఆపరేషనైన హెడ్‌మిస్ట్రెస్ గారి పక్కన కూర్చున్నాను. రిటైరైనా గొంతులో బెత్తం అలాగే ఉంది. నన్ను చూసి రెండు చేతులూ జోడించింది.

"ఎంత చెడ్డ కబురైనా సరే, దాచకుండా చెప్పు బాబూ."

"చెడ్డ కబురేం లేదమ్మా! ఊరికే కూర్చున్నాను."

"డాక్టర్లు ఊరికే కూర్చుంటారా?"

నమ్మాక మాట్లాడింది. పిల్లి, పక్కింటివాళ్ళు, అల్లుడి గురక. అంతా విన్నాను! "ఇక్కడికొచ్చాక నన్ను మనిషిలా చూసింది నువ్వే" అంది. ఆ మాట కింద గీత గీశాను.

బుధవారం
చిక్కేమిటంటే, కూర్చుంటే అందరూ మాట్లాడుతున్నారు! ప్లంబరు స్కూటరు మీంచి ఎలా పడ్డాడో చెప్పాడు. మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. కిటికీ పక్కాయన తమ్ముడితో ఉన్న పొలం గట్టు తగాదా విప్పాడు. నేను ఆపరేషన్ థియేటరుకి వెళ్ళేసరికి, నా కోసం చూసి చూసి మత్తు డాక్టరు తనే నిద్రమత్తులో ఉన్నాడు.

చిన్న సవరణ: అవసరమైనవాళ్ళ దగ్గరే కూర్చుంటాను. అవసరం ఎవరికో నేను తేలుస్తాను.

గురువారం
కుర్చీ మాయం! ఎవరి బావమరిదో అందులో గుర్రు పెడుతున్నాడు. లేపడం అమానుషం. నిలబడే చూశాను, కాస్త వంగి. వంగడమంటే సగం కూర్చోవడమే. ఫోను ఎత్తాను కూడా. సూపరింటెండెంట్ గారు చేస్తే ఎత్తకుండా ఉంటామా?

శుక్రవారం
సూపరింటెండెంట్ గారికి నా కుర్చీ సంగతి తెలిసిందట. "భేష్! రేపు అందరికీ నువ్వే ఉపన్యాసం ఇవ్వాలి." దాని తయారీకే రోజంతా సరిపోయింది. వార్డుకు హౌస్ సర్జన్ని పంపాను, నా తరఫున కూర్చోమని.

శనివారం
కూర్చోవడం గురించి గంటసేపు నిలబడి మాట్లాడాను. ఒకటే చప్పట్లు! తర్వాత ఆసుపత్రి పత్రికకి ఫోటో. హెడ్‌మిస్ట్రెస్ గారి పక్కన కూర్చోబెట్టారు. "చెయ్యి పట్టుకోండి సార్. మొహంలో ఇంకాస్త జాలి" అన్నాడు ఫోటోగ్రాఫరు. పెట్టాను.

"బాబూ, నిన్నట్నుంచి ఈ ఎడం పిక్క లాగేస్తోంది..."

"ఒక్క నిమిషం అమ్మా, పెదాలు కదిలితే ఫోటో చెడుతుంది."

ఆ మాటన్నది ఫోటోగ్రాఫరు కాదు. నేను.

ఆ తర్వాత టీకి పిలిచారు.

ఆదివారం
వార్డు నుంచి ఫోను. హెడ్‌మిస్ట్రెస్ గారికి ఊపిరి అందడం లేదు. పరిగెత్తాను. సిస్టర్ అప్పటికే ఆక్సిజన్ పెట్టింది. దుప్పటి తీసి చూస్తే ఎడం పిక్క వాచి బిగుసుకుపోయింది. అక్కడ గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. ఐసీయూకి తరలించాం.

బయట కూతురు నిలబడి ఉంది. "నిన్న అమ్మ ఫోన్లో చెప్పింది సార్, కాలు నొప్పని. సిస్టర్‌కి చెప్పమ్మా అన్నాను. 'ఎందుకే, డాక్టరుగారు కూర్చుని, చెయ్యి పట్టుకుని మరీ విన్నారు, ఆయన చూసుకుంటారు' అంది."

తలూపాను. అది ఏ ప్రశ్నకి జవాబో నాకే తెలియదు.

మంగళవారం
నిన్న రాయబుద్ధి కాలేదు. గండం గడిచింది. ఈ రోజు మాస్కు తీశారు. కూతురు ఎదుటే చెప్పాను.

"శనివారం మీ మాట నేను వినలేదమ్మా. ఫోటో కోసం కూర్చున్నాను."

ఆవిడ నా వంక చూసింది. "మొహం చూస్తే విన్నట్టే ఉందే బాబూ!"

"ఫోటోగ్రాఫరు పెట్టమన్న మొహం అమ్మా అది."

కూతురు లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆవిడ మాత్రం కళ్ళతోనే స్టూలు చూపించింది. తరగతి బయట నిలబెట్టిన పిల్లాణ్ణి లోపలికి పిలిచినట్టు. కూర్చున్నాను.

"ఇప్పుడు విను. ఎక్కడ నొప్పో, ఎప్పట్నుంచో, మొత్తం చెప్తాను."

మొదలుపెట్టింది. మధ్యలో అడ్డుపడ్డాను. "నోర్ముయ్" అంది. మూశాను. కాసేపటికి మళ్ళీ అడ్డుపడ్డాను.

నిర్ణయం: రేపటి నుంచి అస్సలు అడ్డుపడను.