క్యాన్‌తో ఒక వాక్యం

గార్డెన్ రీచ్, మంగళవారం రాత్రి

ఇవాళ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో టీచర్ దిది (బెంగాలీలో అక్క అని) నా నోటుబుక్కును ఎర్ర సిరాతో నింపేసింది. క్యాన్, మస్ట్, షుడ్‌ల తర్వాత నేరుగా క్రియే రావాలట, మధ్యలో ‘టు’ పెట్టకూడదట. ఎన్నిసార్లు చెప్పినా నేను ‘ఐ క్యాన్ టు టీచ్’ అనే రాస్తున్నాను. రేపటికి క్యాన్‌తో తప్పుల్లేని వాక్యం ఒక్కటైనా రాసి తెమ్మంది.

ఇంటికొచ్చేసరికి నాన్న తెల్లకాగితం పట్టుకుని కూర్చున్నాడు. ఆయన మోకాళ్లు ఇక పనికిరావని డాక్టరు రాసిచ్చేశాడు. ఆయన చేసే వీధులూడ్చే ఉద్యోగంలో ఇంట్లోవాళ్లెవరో ఒకరు చేరకపోతే, దాంతో వచ్చిన ఈ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. వాళ్లకున్న సంతానం నేనొక్కదాన్నే.

“ఏటమ్మా అలా సూత్తావు? ఇంగిలీసు నేర్సుకుంతన్నావు కదా, అర్జీ నువ్వే రాసీ. మీ తాత తరవాత నాను సేరలేదా?” అన్నాడు.

ఒళ్లు మండింది. అమ్మ వైపు చూశాను. అటు తిరిగి గంజి వారుస్తోంది.

రాశాను. చదివి వినిపించమన్నాడు. ‘ఐ క్యాన్ జాయిన్ డ్యూటీ ఫ్రమ్ మండే.’

చదువుతుంటేనే గమనించాను, మధ్యలో ‘టు’ లేదు. రేపు దిదికి చూపించడానికి నా దగ్గర తప్పుల్లేని వాక్యం ఇదొక్కటే ఉంది.