షమీమ్ పాలు

2002 ఆగస్టు, శుక్రవారం

ఇవాళ పాపకి విరేచనాలు ఆగాయి. కడుపుబ్బరం కూడా తగ్గి హాయిగా నిద్రపోతోంది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లకి డబ్బాపాలు సరిపడలేదు. ఆపరేషన్ తర్వాత జ్వరంతో నాకు పాలు పడలేదు. “తల్లిపాలైతే పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరుగుతుందమ్మా” అని డాక్టరుగారు అన్నప్పుడు గోడవైపు తిరిగి ఏడ్చాను.

పక్క మంచం మీది బాలింత షమీమ్ చూసింది. “ఏడవకండక్కా. మా బాబు తాగినా నాకింకా మిగులుతున్నాయి. మీకిష్టమైతే పాపకి నేనిస్తా” అంది. ఆమె రక్తపరీక్షలు చూసి డాక్టరుగారు సరేనన్నారు. అత్తగారు ఏమంటారోనని నేను భయపడుతుంటే, ఆవిడే పాపని తీసుకెళ్లి షమీమ్ ఒళ్లో పెట్టారు. మొన్నటి నుంచీ పాపకి ఆ పాలే.

సాయంత్రం షమీమ్ వాళ్లమ్మ నవ్వుతూ, “ఒకే తల్లి పాలు తాగితే మాలో అన్నాచెల్లెళ్లే అండీ. వీళ్లకి పెళ్లి కూడా కుదరదు” అన్నారు.

“అయితే మా పిల్లకి పుట్టిళ్లు రెండన్నమాట!” అన్నారు అత్తగారు.

రేపు షమీమ్ కొండపల్లి వెళ్లిపోతుంది. నాకు ఇప్పుడిప్పుడే కొద్దిగా పాలు పడుతున్నాయి. పాపకి చాలుతాయో లేదో... నేను అడక్కముందే షమీమే నా చెయ్యి పట్టుకుని, “బస్సెక్కితే ఎంతసేపక్కా? కబురు చెయ్యండి, వచ్చేస్తా” అంది.