షీల్డు మీద అక్సోరియస్

కేసముద్రం, సోమవారం

హన్మకొండలో బట్టల దుకాణం నడిపే మా ఆయనకు సుగుణ కోపంతో వ్రాయునది:

మా అక్క ఇంట్లో ఉన్నాను. ఫోన్ ఎత్తను. ఫోన్లో మాట మారుస్తారు, కాగితం మీదైతే దొరికిపోతారు. వర్తక సంఘం సన్మానంలో మీకిచ్చిన షీల్డు మీద ఇంగ్లీషులో 'అక్సోరియస్' అని ఉంది కదా. అది చూసి అక్క, "గిండ్ల ఎక్స్ ఉన్నదే! ఎక్స్ అంటే పాత లవరు" అన్నది. ఎవరామె?

ఇంకా మీ భార్యనే,
సుగుణ

తా.క.: పాలు తోడు పెట్టకుండా వచ్చాను. అంత కోపం.

హన్మకొండ, బుధవారం

సుగుణకు రమాకాంత్ ఆశీర్వదించి వ్రాయునది:

నాకు పాత లవరూ లేదు, కొత్త లవరూ లేదు. 'లగ్జూరియస్' అని వేయబోయి తప్పు అచ్చేశారు. అంటే దర్జా మనిషినని.

ఇట్లు,
మూడు రోజులుగా ఉప్మా తింటున్న నీ భర్త

తా.క.: ఉప్మాలో నీళ్ళు ముందా, రవ్వ ముందా? జర చెప్పు.

కేసముద్రం, శుక్రవారం

దర్జా మనిషికి:

మనింట్లో కూలర్ చెడి మూడు ఎండాకాలాలు. "మరి గా లగ్జరీ ఎవలింట్ల ఉన్నదే?" అని అక్క అడుగుతోంది. ఆ మాట రాసినాయన్నే అడగండి.

సుగుణ

తా.క.: నీళ్ళే ముందు. అయినా మీకు చెప్పకూడదు.

హన్మకొండ, సోమవారం

సుగుణకు:

సన్మానంలో ఒక్కో వర్తకుడి షీల్డుకు ఒక్కో బిరుదు రాసింది ఇంగ్లీషు లెక్చరర్ సారంగపాణి సార్. అడిగాను. "అచ్చు తప్పు కాదయ్యా! ఉక్సోర్ అంటే లాటిన్ల భార్య. అండ్లకెల్లే వచ్చింది" అన్నాడు. ఇంకేం ఫికర్ పెట్టుకోకు.

తొందరలో,
రమాకాంత్

తా.క.: గిరాకీ వచ్చింది. పూర్తిగా వినకుండానే లేచి వచ్చాను.

కేసముద్రం, బుధవారం

ఒకప్పటి మా ఆయనకు:

లవరనుకుంటే పెళ్ళామే ఉందా! ఈ లాటిన్ ఎక్కడుంది? డోర్నకల్ దాటాక వస్తుందా? "పా, నేను గూడ వస్త. దాని కొప్పు నేను వట్టుకుంట" అని అక్క చెప్పులేసుకుని కూర్చుంది.

సుగుణ

తా.క.: ఆమె ఉప్మా బాగా చేస్తుందా?

హన్మకొండ, శుక్రవారం

నా ఒక్కగానొక్క భార్యకు:

ముందు అక్కను చెప్పులు విప్పమను. లాటిన్ ఊరు కాదు, పాతకాలం రోమువాళ్ళ భాష. అక్సోరియస్ అంటే భార్య మీద అతిగా ప్రేమున్నవాడు, ఆమె మాట దాటనివాడు అని ఈసారి పూర్తిగా విన్నాను.

అయితే ఆ మాట నాది కాదట. కిరాణా రాజేశ్వర్ రావుకు రాసింది, అచ్చులో తారుమారైంది. నాకు రాసింది 'టాసిటర్న్', నోరు విప్పని మనిషి అని. సార్ మార్పిస్తానంటే, "వద్దు సార్, గిదే ఉండనీయుండ్రి. గిది నాదే" అన్నాను. ఇరవై ఆరేళ్ళలో ఆ ముక్క నీతోనే అనలేదు, ఆయనతో అనేశాను.

సోమవారం దుకాణం షట్టర్ దించి వస్తున్నాను.

నీ
రమాకాంత్

తా.క.: నోరు విప్పని మనిషి బిరుదు రాజేశ్వర్ రావుకు పోయింది. పొద్దున ఫోన్ చేసి దాని గురించి రెండు గంటలు మాట్లాడాడు.