నోరు మెదపని పిల్ల

సూరమ్మా,

ఇవాళ నువ్వు పోయిన తిథి. మన చిన్నమ్మాయి పురిటికి వచ్చి కొడుకుని కంది. మొన్న అమ్మాయికి విరేచనాలు పట్టుకుంటే కొత్తపేట వైద్యుడు నల్లమందు ఉండ మింగించాడు. మధ్యాహ్నానికి పిల్లాడు ఏడుపు మానేశాడు.

“తాతగారి పోలికండీ, నోరే మెదపడు” అని మంత్రసాని నవ్వింది.

నీ తొలి పురిట్లోనూ ఆ మాటే అన్నారు. నీ కడుపునొప్పికి నల్లమందు తెచ్చింది నేనే. పిల్ల రెండు రోజులు ఏడవకపోతే నా పోలికేనని మురిసిపోయాను. మూడో పొద్దున “ఏమండీ, పిల్ల ఒళ్ళు చల్లబడిపోయింది” అన్నావు. నీ పాలతోనే ఆ మత్తు పిల్లకి ఎక్కిందని తర్వాత తెలిసింది. నువ్వున్నన్నాళ్ళూ నీకు చెప్పలేకపోయాను.

మొన్న మాత్రం పురిటిగది గుమ్మం దాకా వెళ్ళాను.

“ఆ పాలు పట్టకండి. మందు పాలల్లోకి దిగుతుంది.”

“పురిటి సంగతులు మగవారికెందుకండీ?” అంది మంత్రసాని. నేను కదల్లేదు.

అమ్మాయి నా మొహం చూసింది. “ఆయ్, నాన్నగారూ” అని పాలు పిండి కొబ్బరిమొక్క మొదట్లో పోయించింది. పొరుగింటి బాలింత వచ్చి, అరికాళ్ళు గిల్లి లేపుతూ పిల్లాడికి పాలిచ్చింది.

ఈ పొద్దున వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. వాడిది నా పోలిక కాదు, సూరమ్మా. అయినా ఏడుపు ఆగినప్పుడల్లా లేచి గుమ్మం దాకా వెళ్ళి వస్తున్నాను.