ఓడ నాది, శవం నీది

అక్కా, నేను బతికే ఉన్నాను, నా నోటికి కూడా ఏ రోగమూ రాలేదు, కంగారుపడకు.

ఇక్కడ సర్కారు ఓడ బాగుచేసే సబ్ కంట్రాక్టు పాత కంట్రాక్టరు దగ్గర్నుంచి లాక్కుని, పెద్దాఫీసరు తోడల్లుడికి కట్టబెట్టారు. పాతాయన కోర్టుకెక్కాడు. తీర్పొచ్చేలోగా పని కానిచ్చేసుకోవాలని కొత్తాయన తొందర. ఓడ ట్యాంకులోకి మనిషి దిగేముందు లోపలి గాలి పరీక్షించి, మూత దగ్గర పచ్చ చీటీ కట్టాలి. పరీక్షించే మనిషేమో పాతాయనతోపాటే వెళ్ళిపోయాడు.

"పాత చీటీ వేలాడుతోందిగా, దిగండ్రా! గాలికి కూడా టెండరు పిలవాలా?" అన్నాడు మేస్త్రీ.

ఆ పూట దిగే వంతు నా జోడీ వెల్డరుది, పైనుంచి రాడ్లు అందించే వంతు నాది. దిగినవాడు లోపలి విషగాలికి పడిపోయాడు, చివరికి తాడేసి శవాన్ని లాగాం. ఓడ నాదంటే నాదని కొట్టుకున్న ఇద్దరూ ఇప్పుడు శవం నీదంటే నీదని తోసుకుంటున్నారు. నా జోడీవాడి పెళ్ళాం ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుని ఉంది.

నేను పని మానేశాను, వేరేచోట చూసుకుంటున్నాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? ఆవిడకి ఈ కార్డు చదివి వినిపించకు.

చచ్చినవాడి ఖాళీలోకి రమ్మని బావకి మేస్త్రీ కబురు పెట్టాడట. పంపకు. ఇది నా వేళాకోళమే అనుకుంటాడు బావ. వినకపోతే ప్రయాణం రోజు పొద్దున్నే ఆయన చొక్కాలన్నీ బకెట్లో నానబెట్టెయ్. ఇస్త్రీ మడత నలిగితే గడప దాటని మనిషి, తడిబట్టల్తో రైలేం ఎక్కుతాడు! తిడితే నన్ను తిట్టమను, పడతాను.

పిల్లలకి దీవెనలు. బావకి నా నమస్కారాలు ఇంట్లోనే అందాలి.

నీ తమ్ముడు