తలుపు కింద సందు

శుక్రవారం, మార్చి 14. మధ్యాహ్నం.

ఇవాల్టి పనులు: రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేశాను. బియ్యం డబ్బా కడిగి బోర్లించాను. వంటింటి అరలు తుడిచాను. మీ బావగారి చొక్కాకి ఊడిన గుండీ కుట్టాను. రెండు ఫోన్లు చేశాను. బ్యాంకుకి వెళ్ళి వచ్చాను. ఒక పని మిగిలింది. అది ఈ ఉత్తరం ముగించాక చేస్తాను.

చెల్లికి అక్క ఆశీస్సులు.

అక్కడ నువ్వూ, మరిదిగారూ, నీ కూతురు మన పిడుగూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ మేమంతా కులాసా అని రాయడం మర్యాద కాబట్టి రాశాను. నమ్మమని అనను.

రెండు వీధుల అవతల ఉన్న చెల్లెలికి ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోనులో చెబితే నువ్వు నవ్వావు. నిన్న మీ ఇంటికొచ్చి ఎదురుగా కూర్చుని చెబితే మరిదిగారు నవ్వారు. కాగితాన్ని చూసి నవ్వడం కాస్త కష్టం కదా. నీకు తెలిసిన సంగతులే మళ్ళీ మొదటినుంచీ రాస్తాను, విసుక్కోకు. మన సంసారం తెలియనివాళ్ళు చదివినా అర్థమయ్యేలా రాస్తున్నాను. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

మీ బావగారు గుమాస్తాగా ఉన్న రోజుల్లో జీతం ఒకటో తారీకున వచ్చి ఐదో తారీకుకల్లా సెలవు పుచ్చుకునేది. ఆయన ఉద్యోగం మానేశాక చేతికొచ్చిన సొమ్ముకి నువ్వు కుట్టుపని మీద దాచుకున్నది కలిపి, మిగతాది అప్పు చేసి మొదటి బిల్డింగ్ కొన్నారు. రెండంతస్తులు, ఎనిమిది వాటాలు. మెట్ల మీద ఎప్పుడూ తడి. దాన్ని చూసి నేను ఏడ్చాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగొచ్చి, పిచ్చిదానా, నీకు గోడ కనిపించిన చోటల్లా నాకు అద్దె కనిపిస్తోందే అన్నారు.

అడ్డమల్లా పాత అద్దెవాళ్ళే. ఏళ్ళ తరబడి పాత అద్దెకే పాతుకుపోయి ఉన్నారు. ఆయన గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, గోడలు డొల్లపోయాయండీ, మీ క్షేమం కోరి చెబుతున్నాను, ఖాళీ చెయ్యండి అన్నారు. చేశారు. ఒక పెద్దావిడ మా ప్రాణాలు కాపాడావు నాయనా అని చేతులు జోడించి మరీ వెళ్ళింది. ఆ గోడలకి మేకు కొడితే మేకే వంగేది. రంగులు వేయించి, ఒకటిన్నర రెట్ల అద్దెకి కొత్తవాళ్ళని దింపారు. పాతవాళ్ళు అడ్వాన్సు తిరిగిమ్మని ఆరు నెలలు మా గుమ్మం చుట్టూ తిరిగారు. ఈ కథ ఆయన స్నేహితులకి చెప్పి నవ్వించేవారు. లోపలినుంచి కాఫీ తెస్తూ నేనూ నవ్వాను. నువ్వూ నవ్వావు. ఈ చుట్టుపక్కల ఆ కథ తెలియని అద్దెవాడు లేడు. అదే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

కొత్త అడ్వాన్సులన్నీ పోగేసి, మళ్ళీ అప్పు తెచ్చి రెండో బిల్డింగ్ కొన్నారు. మీరుంటున్నది అదే. దాన్ని నా పేరు మీద రాయించారు. నీ పేరు కలిసొస్తుందే అన్నారు. అప్పటినుంచి ఏది కొన్నా, ఎక్కడ సొమ్ము వేసినా నా పేరే. సంతకం పెట్టమన్న చోట పెట్టడం నా వంతు. లెక్కలు మాత్రం నేనే రాశాను. అద్దెలు, నీళ్ళ మోటారు, మెట్ల దీపం, సున్నం, పైపులు, అన్నీ. నెల తిరిగేసరికి వాటాకి ఎంత మిగిలిందో ఆయనకంటే ముందు నాకు తెలిసేది. గర్వంగానే ఉండేది.

ఖాళీ జాగా అంటే పారేసుకున్న అద్దె అని ఆయన మాట. మెట్ల కింద ఖాళీ ఉంటే నీకు కుట్టుమిషను వేసుకోమని అద్దెకిచ్చారు. సొంత మరదలి దగ్గర అద్దేమిటండీ అంటే, అలవాటు తప్పకూడదే అన్నారు. డాబా మీద గదులు వేశారు, ఆ గదులకని ఇంకో రెండు నీళ్ళ ట్యాంకులు ఎక్కించారు. కింద బండ్లు పెట్టుకునే చోటుని కిరాణా ఆయనకి దుకాణంగా ఇచ్చారు. దుకాణానికి ఇనుప షట్టరు తెచ్చి చూస్తే కుడివైపు స్తంభం జానెడు అడ్డొచ్చింది. షట్టరు చిన్నది చేయించాలంటే ఖర్చు. ఆయన స్తంభాన్ని చెక్కించారు.

నేను పనివాళ్ళకి మంచినీళ్ళు పట్టుకెళ్ళినప్పుడు చూశాను. లోపలి ఊచలు పక్కటెముకల్లా కనబడుతున్నాయి. ఇదేమిటండీ అంటే, ఇంత లావు స్తంభం ఎవడు పెట్టమన్నాడు, కట్టినవాడికి సిమెంటు ఊరికే వచ్చినట్టుంది అన్నారు. సాయంత్రానికి పైన పూత పూసేశారు. దాని మీద కిరాణా ఆయన నిలువుటద్దం బిగించాడు.

చెల్లీ, ఇక్కడినుంచి నిదానంగా చదువు.

ఆ అద్దం నిట్టనిలువుగా పగిలింది. బస్తా తగిలించావని కిరాణా ఆయన పెళ్ళాన్ని నానా మాటలూ అన్నాడు. కొత్త అద్దం పెట్టాడు. అదీ అలాగే పగిలింది. అప్పుడు ఆవిడ పుట్టింట్లో ఉంది. ఈ కాలం సరుకులో నాణ్యమేదండీ అని మీ బావగారూ, ఆయనా కలిసి అద్దాల కొట్టువాణ్ణి తిట్టుకున్నారు.

తర్వాత తలుపులు. మొదట మీ పై ఇంటి టీచరుగారి తలుపు పట్టేసింది. తర్వాత మీది. తర్వాత టీచరుగారి పై ఇంటిది, ఆపైన గదిది. అన్నీ కుడివైపు వరసే, ఒకదాని నెత్తి మీద ఒకటి. వానలకి చెక్క ఉబ్బిందని మరిదిగారు వడ్రంగిని పిలిచారు. అతను అడుగున చిత్రిక పట్టి వెళ్ళాడు. నెల తిరిగేసరికి మళ్ళీ పట్టేశాయి. మళ్ళీ చిత్రిక. ఇన్ని తలుపులు ఒక్కసారే ఇస్తున్నాం, తగ్గించుకోవయ్యా అని నేను బేరం కూడా ఆడాను. మూడోసారి అతను వచ్చినప్పుడు ఎండలు మండిపోతున్నాయి. వానల్లేవు కదయ్యా, చెక్క ఇంకా ఉబ్బుతుందా అని అడిగాను. అతను తల గోక్కుని, చెక్క ఉబ్బట్లేదమ్మా, పైనుంచి గుమ్మం దిగుతున్నట్టుంది అన్నాడు. నాకెందుకులే అన్నట్టు సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు మీ తలుపు కింద సందులోంచి పిల్లి దూరి వస్తోందని నువ్వే చెప్పి నవ్వావు.

పిడుగు మాట గుర్తుందా? మీ ఇంటి నడిమధ్య గోలీ పెట్టి వదిలేస్తుంది, అది తనంతట తనే దొర్లుకుంటూ వెళ్ళి కుడి గోడకి కొట్టుకుంటుంది. పెద్దమ్మా, మా ఇల్లు నాతో ఆడుకుంటుంది అంది. మీరంతా ముద్దుపెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ గోలీ చప్పుడు ఇంటికొచ్చాక కూడా వినబడుతూనే ఉంది.

పోయిన నెలాఖరున బ్యాంకు తరఫున ఇంజనీరు వచ్చాడు. మూడో బిల్డింగ్ కొనడానికి మీ బిల్డింగ్‌ని తాకట్టు పెడదామని మీ బావగారే పిలిపించారు. అతను దుకాణం దగ్గర అద్దం వెనక చెయ్యి పెట్టి తడిమాడు. మెట్లెక్కి తలుపులు చూశాడు. ఇచ్చిన కాఫీ సగం తాగి కింద పెట్టేసి, ఇందులో మనుషులు ఉంటున్నారా అని అడిగాడు. మీ బావగారు అతన్ని పక్కకి తీసుకెళ్ళారు. తిరిగొచ్చి, ఏం లేదు, కాస్త పూత పని ఉందట అన్నారు. మర్నాడే, రెండోదాని మీద అప్పు వద్దులే, మొదటిదాన్నే తాకట్టు పెడదాం అని మాట మార్చారు.

ఆ వారంలోనే మీ బిల్డింగ్ కింద ఉన్న తన ఆఫీసు బల్లా, బీరువా మొదటి బిల్డింగ్‌కి మార్పించారు. అక్కడ వెలుతురు చాలట్లేదట. తర్వాత ఒకటో తారీకున నేను అద్దెలకి బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. ఇకనుంచి ఆ బిల్డింగ్‌లోకి నువ్వు అడుగుపెట్టకు, అద్దెలు ఫోనులో వేయించుకుందాం అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వీధిలో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. నామీద ప్రేమతోనే అన్నారు. నేను వెనక్కి తిరిగొచ్చి అద్దెల పుస్తకం బల్ల మీద పెట్టేశాను.

బుధవారం భోజనాల దగ్గర గట్టిగా నిలదీశాను. దాచలేదు. స్తంభం నలుగుతోందట, ముందు అందర్నీ దింపేసి పని మొదలుపెట్టాలట. దింపండి మరి అన్నాను. అందర్నీ ఒక్కసారి దింపితే అందరూ ఒక్కసారి అడ్వాన్సులు అడుగుతారు, అవి ఎక్కడున్నాయే, ఇటుకల్లో ఉన్నాయి అన్నారు. విషయం పొక్కితే అప్పిచ్చినవాళ్ళు మీదపడతారు, మనం వీధిన పడతాం అన్నారు. సోమవారం మూడోదాని రిజిస్ట్రేషన్ కానివ్వు, దాని అడ్వాన్సులు రాగానే ముందు ఆ స్తంభం పనే చేయిస్తాను, నీ మీద ఒట్టు అన్నారు. మా చెల్లెలూ, పిల్లా ఉన్నారండీ అందులో అంటే, సోమవారం దాకా ఆగితే కొంపలేం మునిగిపోవు అన్నారు. అనేసి, ఆ మాట తనకే వినబడినట్టు, అన్నం వదిలేసి లేచిపోయారు.

నిన్న నీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది అందుకే. నేను నోరు తెరవగానే మరిదిగారు పడీ పడీ నవ్వారు. వదినగారూ, గోడలు డొల్ల అనే పాట అన్నయ్యగారు మొదటి బిల్డింగ్‌లోనే పాడేశారు, మా దగ్గర కూడానా, అద్దె ఎంత పెంచాలో చెప్పండి చాలు అన్నారు. నువ్వేమో అక్కా, నీకు అనుమానం జబ్బే అన్నావు. టీచరుగారి తలుపు తట్టి చెబితే, ఇంకా మర్యాదస్తురాలు కాబట్టి నవ్వలేదు. ఆలోచించి చెబుతానమ్మా అని తలుపు వేసుకున్నారు. వేసుకున్నారంటే, భుజంతో నెట్టి నెట్టి వేసుకున్నారు.

ఇవాళ పొద్దున ఆ ఇంజనీరుకి ఫోన్ చేశాను. చెప్పాల్సింది మీవారికి చెప్పానమ్మా, బ్యాంకుకి రాసిచ్చాను, ఖాళీ చేయించే అధికారం నాకు లేదు అన్నాడు. మీవాళ్ళే అందులో ఉంటే ఏం చేస్తారు బాబూ అని అడిగాను. సామాను సర్దుకోనివ్వనమ్మా, కట్టుబట్టలతో బయటికి తీసుకొస్తాను అన్నాడు. మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే అర్జీ తీసుకున్నారు, సోమవారం మనిషిని పంపుతామన్నారు. అందరికీ సోమవారమే కావాలి. ఆ స్తంభం సోమవారం దాకా ఆగుతానని ఎవరికి మాటిచ్చిందో నాకు తెలియదు.

కాబట్టి చెల్లీ, ఈ ఉత్తరం చదవడం అయిన వెంటనే పిడుగుని ఎత్తుకుని మెట్లు దిగు. పొయ్యి మీద ఏముంటే అది ఆర్పేసి రా. మిషను గురించి ఆలోచించకు. స్తంభం ఉన్న కుడివైపు మెట్లు వద్దు, ఎడమవైపువే దిగు. మొదటి బిల్డింగ్ పక్కన బడి వాళ్ళు హాలు తెరిచిపెడతామన్నారు. చాపలు పంపించాను. మరిదిగారు నవ్వితే, కింద నిలబడి నవ్వమను.

నీ అక్క

తా.క. ఈ ఉత్తరం చదివి చింపెయ్యాలని నీకు అనిపిస్తుంది. బిల్డింగ్ చూసుకునే ఉద్యోగం మరిదిగారిది, అది పోతుందని నీ భయం. చింపినా లాభం లేదు. మన వీధి జిరాక్సు కొట్టులో దీనికి నకళ్ళు తీయిస్తున్నాను, మీ బిల్డింగ్‌లో ఇంటికొకటి, దుకాణానికొకటి, డాబా మీది గదులకొకటి. నీ చేతిలో ఉన్నది మాత్రం నా చేతిరాత.

టీచరుగారికీ, మిగతా అందరికీ: మా ఇంటి గుట్టు మీ అందరి చేతా చదివించినందుకు నాకు సిగ్గు లేదు. మీరు నమ్మరని తెలుసు, నమ్మకుండా చేసింది మేమే. అందుకే ప్రతి కవరులోనూ మీ అడ్వాన్సు, ఇచ్చింది ఇచ్చినట్టు, బ్యాంకు డ్రాఫ్టుగా పెడుతున్నాను. అద్దె పెంచడానికి ఎత్తు వేసే యజమాని అడ్వాన్సు ముందే చేతిలో పెట్టడు. సోమవారం మూడో బిల్డింగ్‌కి కట్టాల్సిన డబ్బు అది, మొదటిదాని తాకట్టు మీద వచ్చింది, నా పేరు మీదే ఉంది, నా సంతకంతోనే తీశాను. నా పేరు కలిసొస్తుందని ఆయన ఊరికే అనలేదు. ఆయనకి ఇంకా తెలియదు. ఒక నకలు ఆయన కంచం కింద పెడుతున్నాను. భోజనానికి కూర్చోగానే చూస్తారు.

ఇక మిగిలిన పని. వడ్రంగి పుణ్యమా అని మీ తలుపుల కింద ఈ కవర్లు మడత పెట్టకుండానే దూరతాయి. అన్నీ తోసేసి, చివరికి మీ ఇంటికే వస్తాను. మీరు దిగినా దిగకపోయినా, కుడి గోడ పక్కన, గోలీ ఆగే చోట కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఆఖరి కుటుంబం మెట్లు దిగేదాకా లేవను. ఆ బిల్డింగ్‌లో నేను అడుగుపెట్టకూడదన్న మనిషి నన్ను లేపడానికి వస్తారు కదా. వచ్చేటప్పుడు దారిలో తలుపులన్నీ ఆయనే కొట్టుకుంటూ రావాలి.

నీ కవరులో ఉన్నది అడ్వాన్సు కాదు. మొదటి బిల్డింగ్‌కి నువ్విచ్చిన కుట్టుపని డబ్బు, ఇన్నేళ్ళ వడ్డీతో. చెల్లి పేరున రాసుకున్న బాకీ ఇవాల్టితో తీరింది.